కణం గడప దాటని కబురు: డాక్టర్ ఎర్ల్ సదర్లాండ్ జీవితం

1971లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఒక్కరికే ఇచ్చారు. మామూలుగా ఇద్దరికో ముగ్గురికో కలిపి ఇస్తుంటారు. ఆ ఏడాది పంచుకోవడానికి రెండో పేరే లేదు. ఆ ఒక్కరు అమెరికాకు చెందిన డాక్టర్ ఎర్ల్ విల్బర్ సదర్లాండ్. ఆయన కొత్త మందేమీ తయారు చేయలేదు, కొత్త ఆపరేషనూ కనిపెట్టలేదు. ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని పాతికేళ్లు కూర్చున్నారు. మనిషి భయపడినప్పుడు లివర్‌లో దాచి ఉన్న చక్కెర రక్తంలోకి ఎలా వస్తుంది?

ఇంత చిన్న ప్రశ్నకు అంత పెద్ద బహుమతా అనిపించవచ్చు. కానీ మన ఇళ్లలో కనిపించే చాలా మందులు శరీరంలో ఏం చేస్తాయో ఈ ప్రశ్నకు దొరికిన జవాబుతోనే అర్థమైంది. దమ్ము ఉన్నవాళ్లు పీల్చే ఇన్‌హేలర్ అయినా, గుండె దడకు వేసుకునే గోళీ అయినా. కలరా మనిషిని గంటల్లో ఎందుకు పీల్చి పిప్పి చేస్తుందో కూడా అలాగే తెలిసింది.

సదర్లాండ్ 1915 నవంబర్ 19న కాన్సస్ రాష్ట్రంలోని బర్లింగేమ్ అనే చిన్న ఊర్లో పుట్టారు. ఆరుగురు పిల్లల్లో ఒకరు. తండ్రి కొన్నాళ్లు వ్యవసాయం చేసి, తరువాత బర్లింగేమ్‌లో బట్టల దుకాణం పెట్టుకున్నారు. పిల్లలందరూ వంతులవారీగా దుకాణంలో పని చేసేవాళ్లు. తల్లికి నర్సింగ్‌లో కొంత శిక్షణ ఉంది. ఎర్ల్‌కి చిన్నప్పటి నుంచీ చేపలు పట్టడమంటే ప్రాణం, ఆ అలవాటు జీవితాంతం పోలేదు. గాలం వేసి గంటలకొద్దీ కదలకుండా కూర్చునే ఓపిక తరువాత ల్యాబ్‌లోనూ పనికొచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది.

1933లో టొపీకాలోని వాష్‌బర్న్ కాలేజీలో చేరేనాటికి అమెరికా మొత్తం ఆర్థిక మాంద్యంలో ఉంది. వ్యాపారం చేసే కుటుంబానికి అది ఎలాంటి కాలమో చెప్పక్కర్లేదు. ఇంటి నుంచి డబ్బు రాక, ఎర్ల్ ఒక ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ చదువుకున్నారు. 1937లో డిగ్రీ పూర్తయింది. అదే ఏడాది మిల్‌డ్రెడ్ రైస్‌తో పెళ్లి. ఆ తరువాత సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో మెడిసిన్‌లో చేరారు.

అక్కడ ఫార్మకాలజీ పాఠం చెప్పే ప్రొఫెసర్ పేరు కార్ల్ కోరి. ఆయన, ఆయన భార్య గెర్టీ ప్రాగ్ నగరం వాళ్లు. ఇద్దరూ డాక్టర్లే, 1922లో అమెరికా వచ్చేశారు. తిన్న తిండిలోని చక్కెర లివర్‌లో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో ఎలా నిల్వ ఉంటుంది, అవసరమైనప్పుడు మళ్లీ ఎలా విడిపోతుంది అన్నదే ఇద్దరి పరిశోధన. పని సమానంగా చేసినా గెర్టీకి చాలా ఏళ్లు చిన్న హోదా, చిన్న జీతమే ఇచ్చారు. 1947లో దంపతులిద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. ఆమెకు పూర్తి ప్రొఫెసర్ పదవి కూడా ఆ ఏడాదే దక్కింది. అలాంటి ల్యాబ్‌లో సదర్లాండ్ 1940లో విద్యార్థి సహాయకుడిగా అడుగు పెట్టారు.

1942లో ఎండీ పట్టా చేతికొచ్చింది. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. సదర్లాండ్ సైన్యంలో డాక్టర్‌గా యూరప్ వెళ్లారు, బెటాలియన్‌తో పాటు తిరిగారు, తరువాత జర్మనీలోని సైనిక ఆస్పత్రిలో పనిచేశారు. 1945లో సెయింట్ లూయిస్ తిరిగొచ్చాక ముందున్నవి రెండు దారులు. ఒకటి ప్రాక్టీసు పెట్టుకోవడం. డిగ్రీ ఉంది, యుద్ధరంగంలో వైద్యం చేసిన అనుభవం ఉంది, పెళ్లయింది. ఎవరి ఇంట్లోనైనా పెద్దవాళ్లు చెప్పేది ఈ దారే. రెండోది మళ్లీ కోరి ల్యాబ్‌కి పోయి, జీతం తక్కువ, ఫలితం ఎప్పుడొస్తుందో తెలియని పనిలో కూర్చోవడం. ఆయన కొన్నాళ్లు ఊగిసలాడి రెండోదే ఎంచుకున్నారు. అందుకు కారణం కోరినే అని తరువాతి కాలంలో చెప్పుకున్నారు.

మొదట చేతికి చిక్కిన చిక్కుముడి ఒకటి బలే ఆసక్తిగా ఉంటుంది. ఇన్సులిన్ ఇస్తే రక్తంలో షుగర్ తగ్గాలి. కానీ అప్పట్లో మార్కెట్లో దొరికే కొన్ని ఇన్సులిన్‌లు ఎక్కిస్తే ముందు కాసేపు షుగర్ పెరిగేది, ఆ తరువాతే తగ్గేది. ఇన్సులిన్‌తో పాటు ఇంకేదో పదార్థం కలిసి వస్తోందని అనుమానం. సదర్లాండ్, బెల్జియం నుంచి వచ్చిన క్రిస్టియన్ డి డూవ్ కలిసి 1948లో దాని జాడ తీశారు. అది కూడా క్లోమగ్రంథి నుంచే వస్తోంది, అయితే ఇన్సులిన్ తయారుచేసే కణాల నుంచి కాదు, వాటి పక్కనే ఉండే ఆల్ఫా కణాల నుంచి. ఆ పదార్థమే గ్లూకగాన్. ఇన్సులిన్ చక్కెరను దాచమంటుంది, గ్లూకగాన్ తియ్యమంటుంది. సహరీకీ ఇఫ్తార్‌కీ మధ్య కడుపు ఖాళీగా ఉన్నా రక్తంలో షుగర్ పడిపోకుండా ఉండటానికి లివర్‌కి అందే ముఖ్యమైన ఆదేశం ఈ గ్లూకగాన్‌దే.

అడ్రినలిన్ పనీ ఇలాంటిదే. కుక్క వెంటపడితే గుండె దడదడలాడటం, అరచేతులు చెమట పట్టడం మనందరికీ తెలుసు. అదే సమయంలో లివర్ దాచుకున్న చక్కెరను విడుదల చేస్తుంది, పరిగెత్తడానికి శక్తి కావాలి కదా. అడ్రినలిన్, గ్లూకగాన్ పూర్తిగా వేరు వేరు పదార్థాలు. రెండూ లివర్ దగ్గర అదే పని ఎలా చేయించగలుగుతున్నాయి? ఇక్కడి నుంచి సదర్లాండ్ వేరే పని పెట్టుకోలేదు.

సన్నగా తరిగిన లివర్ ముక్కలతో ప్రయోగాలు చేసి, గ్లైకోజెన్ విడిపోయే వరుసలో హార్మోన్ ప్రభావం ఎక్కడ పడుతుందో ముందు పట్టుకున్నారు. అది ఫాస్ఫరిలేజ్ అనే ఎంజైమ్ దగ్గర. ఈ ఎంజైమ్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి నిద్రలో ఉన్నట్టు, ఒకటి మేల్కొని ఉన్నట్టు. హార్మోన్ రాగానే నిద్రలో ఉన్నది మేలుకుంటుంది. మరి నిద్ర లేపేది ఎవరు?

1953లో సదర్లాండ్ క్లీవ్‌లాండ్‌లోని వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీకి ఫార్మకాలజీ విభాగం అధిపతిగా వెళ్లారు. అక్కడ థియొడోర్ రాల్ అనే యువ శాస్త్రవేత్త తోడు దొరికారు. వాళ్లిద్దరూ చేసిన పని విలువ తెలియాలంటే అప్పటి నమ్మకం ఏంటో తెలియాలి. కణం చెక్కుచెదరకుండా ఉంటేనే హార్మోన్ పనిచేస్తుంది, కణాన్ని పగలగొడితే ఇక ఏమీ జరగదు అని శాస్త్రవేత్తలు గట్టిగా అనుకునేవాళ్లు. అంటే బయటి నుంచి చూడటం తప్ప లోపల ఏం జరుగుతుందో విడదీసి చూసే దారే లేదన్నమాట.

వీళ్లు పగలగొట్టారు. జంతువుల లివర్‌ని మెత్తగా రుబ్బి, ఆ రసంలో అడ్రినలిన్ వేశారు. ఎంజైమ్ మేలుకుంది! కణాలు ముక్కలైపోయినా హార్మోన్ మాట చెల్లింది. తరువాత ఆ రసాన్ని సెంట్రిఫ్యూజ్‌లో వేసి గిరగిరా తిప్పారు. మజ్జిగ చిలికితే వెన్న వేరయినట్టు, కణం ముక్కలూ పొరలూ అడుగుకి చేరాయి, తేటనీరు పైన మిగిలింది. ఫాస్ఫరిలేజ్ ఉండేది తేటలోనే. అందులో అడ్రినలిన్ వేశారు. ఏమీ కాలేదు. ఎంజైమ్ ఉంది, హార్మోన్ ఉంది, అయినా పని జరగలేదు.

అప్పుడు అడుగున ఉన్న ముక్కలను విడిగా తీసుకుని, వాటికి అడ్రినలిన్, ఏటీపీ కలిపారు. కాసేపయ్యాక ఆ మిశ్రమాన్ని మరిగించారు. మరిగిస్తే ప్రోటీన్లు పాడైపోతాయి, కోడిగుడ్డు గట్టిపడినట్టు. అంటే అందులోని ఎంజైమ్‌లన్నీ పనికిరాకుండా పోయినట్టే. అలా మరిగించిన నీళ్లు కొన్ని తీసి పైన మిగిలిన తేటలో కలిపారు. ఈసారి ఫాస్ఫరిలేజ్ మేలుకుంది.

దీని అర్థం ఒక్కటే. హార్మోన్ నేరుగా ఎంజైమ్‌ని లేపడం లేదు. అది కణం పొర దగ్గర ఎవరికో కబురు చెబుతోంది. అక్కడ వేడికి చెడని చిన్న పదార్థం ఒకటి తయారై, లోపలికి పోయి అసలు పని చేయిస్తోంది. హార్మోన్ మొదటి వార్తాహరుడైతే ఇది రెండోది. మొదటివాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. నేను కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి నాకు తోచిన పోలిక చెబుతాను. హోల్‌సేల్ వ్యాపారి గోదాములోకి రాడు, గేటు దగ్గర ఒక్క మాట చెప్పి వెళ్తాడు. గేటు దగ్గరున్న మనిషి వంద చీటీలు రాసి లోపలికి పంపిస్తాడు. ఒక్క చీటీకి పది మంది కూలీలు కదులుతారు. గేటు దగ్గర చెప్పిన ఒక్క మాటకి లోపల వెయ్యి బస్తాలు కదులుతాయి. రక్తంలో అంత తక్కువ అడ్రినలిన్ అంత పెద్ద పని ఎలా చేయిస్తుందో ఇలా అర్థమవుతుంది.

ఇంతకీ ఆ చీటీ ఏంటి? సదర్లాండ్, రాల్ దాన్ని శుద్ధి చేశారు, స్ఫటికాలుగా తీశారు, అయినా దాని నిర్మాణం తేలలేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసే లియాన్ హెప్పెల్‌కి సాయం కోరుతూ ఉత్తరం రాశారు. సరిగ్గా అదే కాలంలో సెయింట్ లూయిస్‌లో డేవిడ్ లిప్కిన్ అనే కెమిస్టు ఏటీపీని వేరే రసాయనంతో చర్య జరిపిస్తే ఒక వింత పదార్థం వచ్చింది, ఆయనా హెప్పెల్‌కే ఉత్తరం రాశారు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. హెప్పెల్ బల్ల మీద ఉత్తరాలు గుట్టగా పేరుకుపోయేవట. ఒక రోజు గుట్ట సర్దుతూ చూస్తే రెండు ఉత్తరాలూ ఒకే పదార్థం గురించి చెబుతున్నట్టు ఆయనకు తట్టింది. ఇద్దరినీ కలిపారు. అలా తేలిన పదార్థం పేరే సైక్లిక్ ఏఎంపీ.

ఇది తయారయ్యేది ఏటీపీ నుంచి. ఆ ఏటీపీ పేరు వినగానే మన తెలుగువాళ్లకు ఒకరు గుర్తు రావాలి. 1929లో కార్ల్ లోమన్ జర్మనీలో దాన్ని కనిపెట్టిన రోజుల్లోనే, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి విడిగా కనిపెట్టినది భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. ఫాస్ఫరస్‌ని కొలవడానికి వాళ్లిద్దరూ 1925లో ఇచ్చిన పద్ధతి ప్రపంచమంతా ల్యాబ్‌లలో దశాబ్దాలు వాడారు.

సైక్లిక్ ఏఎంపీ దొరికింది గానీ దాన్ని నమ్మినవాళ్లు తక్కువ. లివర్‌లో జరిగింది సరే, అది లివర్‌కే పరిమితం అన్నారు కొందరు. పదుల రకాల హార్మోన్లకు ఒకే చిన్న పదార్థం లోపలి కబురు మోయడం ఎలా కుదురుతుంది, అలాగైతే గుండెకి వెళ్లాల్సిన ఆదేశం కిడ్నీలో పనిచేయదా అన్నారు ఇంకొందరు. ఈ రెండో అనుమానం నిజానికి మంచి అనుమానమే. జవాబు గుమ్మం దగ్గరుంది. ఏ కణం పొర మీద ఏ హార్మోన్‌కి సరిపోయే రిసెప్టర్ ఉందో ఆ కణమే ఆ కబురు వింటుంది. లోపల పంపే చీటీ ఒకటే అయినా, చీటీ అందుకున్న కూలీలు ఒక్కో కణంలో ఒక్కో పని తెలిసినవాళ్లు. లివర్‌లో చక్కెర కదులుతుంది, గుండెలో కొట్టుకునే వేగం పెరుగుతుంది, కొవ్వులో నిల్వ కరుగుతుంది.

సదర్లాండ్ వాదనలకు దిగలేదు. ఒక హార్మోన్ ఈ దారిలో పనిచేస్తోందని ఒప్పుకోవాలంటే ఏమేం రుజువు కావాలో తానే షరతులు పెట్టారు. ఆ హార్మోన్ వేస్తే పగలగొట్టిన కణాల్లో కూడా సైక్లిక్ ఏఎంపీ తయారు కావాలి. చెక్కుచెదరని కణంలోనూ దాని మోతాదు పెరగాలి, అది కూడా హార్మోన్ ప్రభావం కనిపించేలోపే. సైక్లిక్ ఏఎంపీని విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆపేస్తే హార్మోన్ ప్రభావం ఇంకా ఎక్కువ కావాలి. హార్మోన్ లేకుండా సైక్లిక్ ఏఎంపీ ఒక్కటే వేసినా అదే ఫలితం రావాలి. తన లెక్కలకు తానే కఠినమైన ఆడిటర్‌ని పెట్టుకున్నట్టు. ఒక్కో హార్మోన్‌నీ ఈ పరీక్షలకు నిలబెడుతూ పోయారు. విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆపేవాటిలో టీ, కాఫీల్లో ఉండే కెఫీన్, దమ్ముకి వాడే థియోఫిలిన్ ఉన్నాయని కూడా ఆయన ల్యాబ్‌లోనే తేలింది. (ఒక కప్పు చాయ్‌లో ఉండే కెఫీన్ దీనికి చాలదు లెండి, చాయ్ హుషారుకి ముఖ్య కారణం వేరే.) చీటీలు రాసే ఎంజైమ్ కణం పొరలోనే ఉంటుందని పావురం ఎర్రరక్తకణాలను పగలగొట్టి చూపించారు.

క్లీవ్‌లాండ్‌లో మెడిసిన్, పీహెచ్‌డీ రెండూ కలిపి చదివే కోర్సు పెట్టినప్పుడు అందులో చేరిన తొలి విద్యార్థుల్లో ఒకరి పేరు ఫెరిద్ మురాద్. పేరు చూడగానే మన పాఠకులకు ఆసక్తి కలుగుతుంది. అల్బేనియా జాతికి చెందిన తండ్రి వలస వచ్చి ఇండియానా రాష్ట్రంలో చిన్న హోటల్ నడిపేవారు, మురాద్ అందులో టేబుళ్లు తుడుస్తూ, వడ్డిస్తూ పెరిగారు. సదర్లాండ్, రాల్ దగ్గర చేరి, అడ్రినలిన్ లాంటి పదార్థాలు గుండెలో సైక్లిక్ ఏఎంపీని పెంచేది బీటా రిసెప్టర్ ద్వారానే అని చూపే పనిలో పాల్గొన్నారు. తరువాత సొంత దారిలో వెళ్లి, గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మందు రక్తనాళాలను ఎలా సడలిస్తుందో కనిపెట్టారు. అక్కడ రెండో వార్తాహరుడు సైక్లిక్ ఏఎంపీకి తమ్ముడి వరసయ్యే సైక్లిక్ జీఎంపీ. దానికి 1998లో నోబెల్ వచ్చింది. దుకాణదారు కొడుకు దగ్గర హోటల్ నడిపేవారి కొడుకు నేర్చుకున్న విద్య అది.

సదర్లాండ్ సొంత జీవితం మాత్రం అంత సాఫీగా సాగలేదు. 1962లో మొదటి పెళ్లి విడాకులతో ముగిసింది. మరుసటి ఏడాది క్లాడియా స్మిత్‌ని పెళ్లి చేసుకున్నారు. అదే 1963లో విభాగాధిపతి పదవి వదులుకుని నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి మారారు. క్లాసులు, కమిటీలు, ఫైళ్లు తగ్గి పరిశోధనకు సమయం దొరుకుతుందనే. కుర్చీ కోసం ల్యాబ్ వదిలేవాళ్లే ఎక్కువ, ఈయన లెక్క తిరగేశారు.

అక్కడ చేసిన ఒక పని నాకు అన్నిటికంటే నచ్చుతుంది. 1965లో రిచర్డ్ మాక్‌మన్‌తో కలిసి ఈ.కోలై బ్యాక్టీరియాలో కూడా సైక్లిక్ ఏఎంపీ ఉందని చూపించారు. బ్యాక్టీరియాకి హార్మోన్లు ఎక్కడివి? గ్లూకోజ్ ఉన్నప్పుడు దాని మోతాదు తగ్గుతుంది, గ్లూకోజ్ అయిపోగానే పెరుగుతుంది. ఒంటరి కణంలో కూడా అది ఆకలి కబురే. మనిషి లివర్‌లోనూ అది మోసేది దాదాపు అలాంటి కబురే.

ఆ తరువాత అనుమానాలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. 1968లో ఎడ్విన్ క్రెబ్స్ బృందం సైక్లిక్ ఏఎంపీ లోపల ఎవరిని తట్టి లేపుతుందో, ఆ ప్రోటీన్ కైనేజ్‌ని పట్టుకుంది. 1970లో సదర్లాండ్‌కి లాస్కర్ అవార్డు, 1971లో నోబెల్ వచ్చాయి.

అదే 1971లో మన పొరుగున ఏం జరుగుతోందో చూడండి. బంగ్లాదేశ్ యుద్ధంతో లక్షల మంది శరణార్థులు బెంగాల్ సరిహద్దు దాటి వచ్చారు, శిబిరాల్లో కలరా పాకింది. కలరా క్రిమి ఒక విషం వదులుతుందని కలకత్తాలో శంభునాథ్ డే 1959లోనే చూపించారు. ఆ విషం పేగు కణాల్లో ఏం చేస్తుందో 1970 ప్రాంతంలో తేలింది. సైక్లిక్ ఏఎంపీ తయారీని ఆగకుండా చేస్తుంది. కొళాయి తిప్పేసి పిడి విరగ్గొట్టినట్టు. దాంతో పేగులోకి ఉప్పూ నీళ్లూ ధారగా పోతూనే ఉంటాయి. అయితే చక్కెర, ఉప్పు కలిపి పీల్చుకునే ఇంకో దారిని ఆ విషం ముట్టుకోదు. అందుకే చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు తాగిస్తే మనిషి బతుకుతాడు. బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఆ నీళ్లు కలిపి తాగించి వేలమందిని కాపాడారు. ఈ రోజు మెడికల్ షాపులో అడిగే ఓఆర్ఎస్ ప్యాకెట్ అదే. ఆ నీళ్ల వైద్యం సదర్లాండ్ కనిపెట్టింది కాదు. కానీ ఆ జబ్బు కణం లోపల ఏ మీట నొక్కి పెడుతుందో అర్థం కావడానికి ఆయన చూపిన చీటీయే ఆధారం.

దమ్ము వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ శ్వాసనాళాల కండరాల్లో బీటా రిసెప్టర్‌ని తట్టి సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది, కండరం సడలి ఊపిరి ఆడుతుంది. ప్రొప్రనొలాల్, అటెనొలాల్ లాంటి గోళీలు అదే కుటుంబం రిసెప్టర్‌ని మూసేసి గుండె దడను తగ్గిస్తాయి. ఈ మధ్య షుగర్‌కీ బరువు తగ్గడానికీ అందరూ మాట్లాడుకుంటున్న సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ కూడా క్లోమంలోని కణాల మీదున్న రిసెప్టర్‌ని తట్టి, లోపల ఇదే సైక్లిక్ ఏఎంపీని పెంచి ఇన్సులిన్ విడుదలకు తోడ్పడుతుంది.

1973లో సదర్లాండ్ మయామీ యూనివర్సిటీకి మారారు. కొత్త ల్యాబ్ సర్దుకుని ఏడాది కూడా కాలేదు, 1974 మార్చి 9న చనిపోయారు. వయసు 58. గుమ్మానికీ, చీటీలు రాసే ఎంజైమ్‌కీ మధ్య జీ ప్రోటీన్ అనే ఇంకో మనిషి ఉన్నాడని మార్టిన్ రాడ్‌బెల్, ఆల్‌ఫ్రెడ్ గిల్‌మన్ తరువాత తేల్చారు. క్లీవ్‌లాండ్‌లో అదే జంట కోర్సులో రాల్ దగ్గర చదివినవారే ఈ గిల్‌మన్.

ఒక్క ఇన్సులిన్ మాత్రం సదర్లాండ్‌కి చిక్కలేదు. గ్లూకగాన్ మాట ఆయనకు అర్థమైంది, దాని ఎదురు మాట ఎలా చేరుతుందో తెలియకుండానే వెళ్లిపోయారు. ఇన్సులిన్ రిసెప్టర్ తానే ఒక ఎంజైమ్ అనీ, అది సైక్లిక్ ఏఎంపీతో సంబంధం లేని వేరే రకం కబురుతో పని మొదలుపెడుతుందనీ 1980లలో తెలిసింది.